సాలీళ్ళ ఊళ్ళో మా కెప్టెన్

మా ఇంట్లో ఉన్నది నలుపు తెలుపు టీవీ. అందుకని కెప్టెన్ కిర్క్ తొడుక్కునే చొక్కా పసుపుపచ్చనిదని నాకు చాలాకాలం తెలియదు. పక్క వాటావాళ్ళు కలర్ టీవీ కొన్న ఆదివారం ఆ రంగు చూసి, ఇన్నాళ్ళూ నా దగ్గర ఎవరో ఏదో దాచిపెట్టినట్టు ఉక్రోషం వచ్చింది. 1980ల మధ్యకాలం అది. దూరదర్శన్‌లో ఆదివారం ఉదయం ‘స్టార్ ట్రెక్’ వచ్చేది. నక్షత్రాల మధ్య తిరిగే అంతరిక్ష ఓడ కథల అమెరికా సీరియల్ అది, ఆ ఓడకు కెప్టెన్ కిర్క్. హైదరాబాద్ నల్లకుంటలో అప్పట్లో మేమున్న వాటాలో, అమ్మ చేత తలంటు పోయించుకుని, కుంకుడు రసం పడి ఎర్రబడ్డ కళ్ళతో, తడి జుట్టు ఆరకుండానే చాప మీద చేరేవాళ్ళం.

సంభాషణల్లో పావు వంతు కూడా అర్థమయ్యేది కాదు. అది మాకొక లోటుగా ఎన్నడూ తోచలేదు. కిర్క్ కనుబొమలు ముడిపడితే ఓడకు ప్రమాదం వచ్చినట్టు. పెదవి చివర చిన్న నవ్వు మొలిస్తే గండం గట్టెక్కినట్టు. ఆ ముఖం మాకు తెలుగులోనే మాట్లాడేది.

మేము చూస్తున్న సమయానికి ఆ సీరియల్ ఎప్పుడో ముగిసిపోయిందని మాకు చెప్పినవాళ్ళు లేరు. అమెరికాలో అది 1966 సెప్టెంబరులో మొదలై, 79 భాగాలు నడిచి, 1969 జూన్‌లో ఆగిపోయింది. కిర్క్ వేషం వేసిన విలియం షాట్నర్ 1931లో కెనడాలోని మాంట్రియల్‌లో పుట్టారు. అంటే మేము చాప మీద కూర్చుని చూస్తున్న ఆ ముప్పై అయిదేళ్ళ కుర్రవాడికి అప్పటికే యాభై దాటాయి. కీర్తి రావడం, పోవడం, మళ్ళీ రావడం అన్నీ ఆయన జీవితంలో జరిగిపోయాయి. మాకు మాత్రం ప్రతి ఆదివారం ఆయన కొత్తగా ఓడ ఎక్కేవాడు.

ఈ కాలాల కలగాపులగం వల్లనే కాబోలు, ఆయన చిన్న సినిమాలను నేను ఎన్నడూ ‘పడిపోయిన తార చేసిన సినిమాలు’గా చూడలేకపోయాను. నాకు ఆయన పడిపోవడమే తెలియదు. ఓడ దిగి నేరుగా మా వీధి చివరి వీడియో లైబ్రరీలోకి నడిచి వచ్చాడు.

ఆ లైబ్రరీ మూడు గజాల దుకాణం. కేసెట్ల వీపుల మీద బాల్‌పెన్నుతో పేర్లు రాసి ఉండేవి. పెద్ద ఇంగ్లీషు సినిమాలు సికింద్రాబాద్ సంగీత్ థియేటరుకు వచ్చేవి. ఏ థియేటరుకూ రాని చిన్న సినిమాలన్నీ ఈ లైబ్రరీలకు చేరేవి. దయ్యాలు, పాములు, హంతకులు, పిచ్చెక్కిన డాక్టర్లు, అన్నీ కింది వరుసలో. కాపీకి కాపీ, దానికి మరో కాపీ తీసిన కేసెట్లు కావడంతో బొమ్మ మీద ఎప్పుడూ తెల్లని గీతలు వానలా కురుస్తూ ఉండేవి. మా కెప్టెన్ పిచ్చి తెలిసిన ఆ దుకాణం ఆయన 1988 వేసవిలో ఒకరోజు నాన్నను ఆపి, “అమ్మాయికి చెప్పండి, వాళ్ళ కెప్టెన్ ఉన్న సినిమా వచ్చింది. సాలీళ్ళ సినిమా” అన్నాడు.

అదే ‘కింగ్‌డమ్ ఆఫ్ ద స్పైడర్స్’. 1977లో వచ్చిన సినిమా.

ఆ వేసవిలో మా పెదనాన్న మా ఇంట్లో ఉన్నారు. చిలకలూరిపేట దగ్గర పల్లెలో పత్తి రైతు ఆయన. ఊరు వదిలి రెండు రోజులు ఎక్కడా ఉండని మనిషి నెల రోజులుగా మా ఇంట్లో ఉన్నారంటే, పిల్లలమైనా మాకు ఏదో అర్థమైంది. పెద్దవాళ్ళు ఆ మాట ఎత్తేవారు కాదు. ఆయన మనసు మళ్ళుతుందని నాన్న ఆ శనివారం వీసీఆర్, కలర్ టీవీ, మూడు కేసెట్లు ఒక రాత్రికి అద్దెకు తెచ్చారు. రిక్షాలో టీవీని ఒడిలో పెట్టుకుని వచ్చిన నాన్న ముఖం నాకిప్పటికీ గుర్తుంది. మొదట నానమ్మ కోసం పౌరాణికం, తరువాత ఒక హిందీ సినిమా. సాలీళ్ళ వంతు వచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. ఇంటిల్లిపాదీ నిద్రపోయారు. నేను మేలుకుని ఉన్నాను. ఆ రోజుల్లో రాత్రిళ్ళు నిద్ర పట్టని పెదనాన్న కూడా మేలుకుని ఉన్నారు. గోడకు ఆనించిన దిండు మీద వాలి, “వెయ్యి తల్లీ, చూద్దాం” అన్నారు.

కథ అరిజోనా రాష్ట్రంలో, వెర్డే లోయలో జరుగుతుంది. ఎండ, దుమ్ము, కంచెలు, పశువులు. మేడలూ పెద్ద రోడ్లూ లేని అమెరికాను నేను చూడడం అదే మొదలు. మా కెప్టెన్ అందులో పశువుల డాక్టరు. తల మీద టోపీ, కాళ్ళకు బూట్లు, దుమ్ము కొట్టుకుపోయిన బండి. కోల్బీ అనే రైతు తన మేలు రకం దూడను బండిలో వేసుకుని వస్తాడు. ఆ దూడ లేవలేక పడి ఉంటుంది. దాన్ని చూడగానే పెదనాన్న దిండు మీద నుంచి లేచి కూర్చున్నారు.

కెప్టెన్ ఆ దూడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటాడు. కళ్ళు చూస్తాడు, ఒంటి మీద చెయ్యి వేస్తాడు. కోల్బీగా వేసిన వుడీ స్ట్రోడ్ మాట్లాడకుండా నిలబడి ఉంటాడు. ఆ ఇద్దరి మధ్య కొన్ని క్షణాల మౌనం. “వీడు నిజంగానే పశువుల డాక్టరులా ఉన్నాడే” అన్నారు పెదనాన్న. ఏ పత్రికలోనూ ఆయన నటన గురించి ఇంతకంటే గొప్ప మాట నేను చదవలేదు.

దూడ చచ్చిపోతుంది. రక్తం పరీక్షకు పంపితే, విశ్వవిద్యాలయం నుంచి సాలీళ్ళ మీద పరిశోధన చేసే ఒక యువతి వస్తుంది. దూడను చంపింది సాలీళ్ళ విషమని చెబుతుంది. కోల్బీ పొలంలో పెద్ద పుట్ట ఉంటుంది. దాని నిండా చెయ్యంత వెంట్రుకల సాలీళ్ళు, వేలకు వేలు. సాలీళ్ళు ఒంటరి జీవులు కదా, ఇలా గుంపు ఎందుకు కట్టాయి? ఆమె చెప్పే జవాబులో డీడీటీ అనే మాట వచ్చింది.

ఆ మాటను నేను అనువదించవలసిన పని లేకపోయింది. మలేరియా వాళ్ళు ఏటా పల్లెకు వచ్చి గోడల మీద కొట్టి వెళ్ళే తెల్లమందు పేరు అది. “డీడీటీ అంది కదూ?” అని పెదనాన్న నా వైపు తిరిగారు. నాకొచ్చిన ఇంగ్లీషులో అర్థమైనంత చెప్పాను. మందులు కొట్టి కొట్టి సాలీళ్ళు తినే పురుగులన్నిటినీ చంపేశారు, తిండి లేక అవి గుంపులు కట్టి పశువుల మీద, మనుషుల మీద పడుతున్నాయి, అని.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తెర మీద కథ నడుస్తూనే ఉంది. ఆ తరువాత నెమ్మదిగా మొదలుపెట్టారు.

“మనం కూడా అదే చేశాం తల్లీ. మొదట వారానికి ఒకసారి కొట్టాం. తరువాత మూడు రోజులకు ఒకసారి. పురుగు చావకపోతే రెండు మందులు కలిపి కొట్టమన్నారు, కలిపి కొట్టాం. చేలో సాలీళ్ళు పోయాయి, అక్షింతల పురుగులు పోయాయి. తెల్లదోమ ఒక్కటే మిగిలింది.”

ఆ నెల రోజుల్లో ఆయన పంట గురించి మాట్లాడడం అదే మొదటిసారి. తెల్లదోమ ఆకు అడుగున చేరి రసం పీలుస్తుందని, అది వదిలిన జిగురు మీద నల్లగా మసి పట్టి చేనంతా పొగచూరినట్టు అయిపోతుందని, విచ్చుకున్న పత్తి కూడా వేళ్ళకు అంటుకుంటుందని చెప్పారు. నల్లబడ్డ చేలో తెల్లని పత్తి ఏరుతుంటే బూడిదలో వేళ్ళు పెట్టినట్టు ఉండేదట. పురుగుమందుల కొట్లో అప్పు, ఆ అప్పు తీర్చడానికి మరో అప్పు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో 1987-88 పంటకాలం ఎలా గడిచిందో ఆ వైపువాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. పురుగు చావని మందు తాగి మనుషులు చనిపోయారు. పెదనాన్నకు నిద్ర ఎందుకు పట్టడం లేదో, నాన్న ఆయనను ఊరు నుంచి ఎందుకు తీసుకువచ్చారో ఆ రాత్రి నాకు తెలిసింది. నాకప్పుడు పదమూడేళ్ళు.

తెర మీద ఊరి మేయరు జాతర ఆపడానికి ఒప్పుకోడు. వ్యాపారం పోతుందని అతని భయం. సాలీళ్ళ మీద మందు చల్లడానికి విమానం పంపిస్తాడు. విమానం మబ్బులా మందు వదులుతూ తిరుగుతుంది. అంతలో పైలట్ చేతి మీద ఒక సాలీడు, మెడ మీద మరొకటి. అప్పటికే అవి లోపలికి చేరి ఉన్నాయి. అతడు కేకలు పెడుతూ చేతులు విదిలిస్తాడు. విమానం వెళ్ళి కూలిపోతుంది.

“మళ్ళీ వెయ్యి తల్లీ” అన్నారు పెదనాన్న.

టేపు వెనక్కి తిప్పి మళ్ళీ వేశాను. రెండోసారి ఆయన తెరకు దగ్గరగా జరిగి చూశారు. మందు చల్లే మబ్బును, లోపల పాకే సాలీడును, పైలట్ చేతిని. మూడోసారి కూడా వేయించారు. ఆయన ముఖంలో భయం లేదు. తన చేలో ఏమి జరిగిందో ఎక్కడో అమెరికాలో ఎవరో తనకంటే ముందే కనిపెట్టి బొమ్మ తీశారన్న ఆశ్చర్యం అది.

చివరకు కెప్టెన్, ఆ పరిశోధకురాలు, మరి కొందరు ఒక బసలో చిక్కుకుపోతారు. కిటికీలకు పలకలు కొడతారు. పొగగొట్టంలో నుంచి, గాలి రంధ్రాల నుంచి సాలీళ్ళు రాలుతుంటాయి. కరెంటు పోతే ఫ్యూజు వెయ్యడానికి కెప్టెన్ ఒక్కడే నేలమాళిగలోకి దిగుతాడు. అక్కడ ఒంటి నిండా, ముఖం మీద కూడా సాలీళ్ళు పడతాయి. తెల్లవారుతుంది. బయట చప్పుడు ఉండదు. రేడియోలో పాట వస్తుంటుంది, ఈ ఊరిలో ఏమి జరిగిందో బయటి లోకానికి తెలియదన్నమాట. కెప్టెన్ కిటికీ పలక ఒకటి ఊడదీసి చూస్తాడు. బయట వెలుగు లేదు, తెల్లని గూడు. కెమెరా వెనక్కి జరిగితే ఊరు మొత్తం సాలెగూడులో చుట్టి ఉంది. అంతే, సినిమా అయిపోయింది.

తెర మీద గీతలు పడుతున్నాయి. “డాక్టరు బయటపడ్డాడా?” అని అడిగారు పెదనాన్న.

“సినిమా అయిపోయింది పెదనాన్నా.”

“సినిమా సంగతి కాదమ్మా, అతని సంగతి అడుగుతున్నాను.”

నా దగ్గర జవాబు లేదు. ఆ మరుసటి నెల ఆయన ఊరికి వెళ్ళిపోయారు. ఆ ఏడు పత్తి వెయ్యలేదు, కంది, జొన్న వేశారు. అప్పులు తీరడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. నేను సెలవులకు వెళ్ళినప్పుడల్లా, అందరి క్షేమాలు అడిగిన తరువాత, “ఆ పశువుల డాక్టరు బయటపడ్డాడా?” అనేవారు. మా ఇద్దరికీ అదొక పలకరింపు అయిపోయింది.

ఆ సినిమా ఎలా తీశారో నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. తెలిశాక దాని మీద ప్రేమ రెట్టింపయింది. మొత్తం ఖర్చు సుమారు 5 లక్షల డాలర్లు. అందులో పదో వంతు, 50,000 డాలర్లు, సాలీళ్ళకే. ప్రాణంతో ఉన్న టరంటులా, అంటే ఆ వెంట్రుకల పెద్ద సాలీడు, ఒక్కోదానికి 10 డాలర్ల చొప్పున ఇచ్చి 5,000 తెప్పించారు. ఒకచోట ఉంచితే ఒకదాన్ని ఒకటి తినేస్తాయి కాబట్టి వేటికవి విడివిడి డబ్బాల్లో ఉంచవలసి వచ్చింది. పైగా అవి పిరికివి. మనిషిని చూస్తే దాడి చెయ్యవు, దూరంగా పారిపోతాయి. అందుకని ఫ్యాన్లు పెట్టి, గొట్టాలతో గాలి ఊది నటుల వైపు తోలేవారు. ఇది తెలిసి చూస్తే, తెర మీద మనిషి మీదకు దూకుతున్నట్టు కనిపించే సాలీడు నిజానికి వెనుక నుంచి తరుముతున్న గాలికి దిక్కుతోచక పరుగెడుతోందని అర్థమవుతుంది. సినిమాలో చెప్పిన కథ కూడా అదే కదా. చివరి దృశ్యంలో గూడు కట్టిన ఊరు మాత్రం చేత్తో గీసిన బొమ్మ.

టరంటులా కాటు మనిషిని చంపేంతటిది కాదు, వాటి వెంట్రుకలు తగిలితే దురద, మంట. చంపదని తెలిసినంత మాత్రాన ముఖం మీద పాకించుకోవడం సులువా? ఆ సినిమాలో షాట్నర్ పాకించుకున్నారు. అప్పటి ఆయన భార్య మార్సీ లాఫర్టీ కూడా ఇందులో ఆ పశువుల డాక్టరు సోదరుడి భార్య పాత్ర వేశారు. తక్కువ డబ్బుతో సినిమా తీసేవాళ్ళ తెలివి మనకు కొత్త కాదు. మన విఠలాచార్య గారు పారితోషికం పెంచమన్న నటుడిని మరుసటి రోజు చిలుకగానో మేకగానో మార్చేసి కథ నడిపించేవారని సినిమావాళ్ళు ముచ్చటగా చెప్పుకుంటారు. ఆయన సినిమాలు చూస్తూ పెరిగిన కళ్ళకు ఆ గీసిన ఊరు లోపంగా కనిపించదు. డబ్బు లేనిచోట చేతిపని ఎంత దూరం వెళ్ళగలదో కనిపిస్తుంది.

షాట్నర్ నటన అతి అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఆయన రంగస్థలం నుంచి వచ్చిన మనిషి. కెనడాలో స్ట్రాట్‌ఫర్డ్ నాటకోత్సవంలో 1956లో షేక్‌స్పియర్ నాటకం ‘హెన్రీ ది ఫిఫ్త్’ వేస్తున్నప్పుడు, ప్రధాన నటుడు క్రిస్టఫర్ ప్లమ్మర్ జబ్బుపడితే, ప్రత్యామ్నాయ నటుడిగా ఉన్న పాతికేళ్ళ షాట్నర్ సరైన రిహార్సల్ కూడా లేకుండా రాజు వేషం కట్టి నిలబడ్డారు. మన పద్యనాటకం నటులను చూసినవాళ్ళకు ఆ పద్ధతి వెంటనే తెలుస్తుంది. చివరి వరుసలో నేల మీద కూర్చున్నవాడికి కూడా రాగం చేరాలి, కన్ను కదలిక చేరాలి. దగ్గరగా నిలిచిన కెమెరా ముందు కూడా ఆయన ఆ చివరి వరుసనే తలుచుకుని నటించారు. ఇంగ్లీషు రాని పెదనాన్నకు, సగం వచ్చిన నాకు కథ చేరిందంటే అందుకే. ఆ చివరి వరుసలో కూర్చున్నవాళ్ళం మేమే.

‘స్టార్ ట్రెక్’ ఆగిపోయిన 1969లో ఆయన పరిస్థితి చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. విడాకులు అయ్యాయి, చేతిలో డబ్బు లేదు. పిల్లలను పోషించుకోవాలి. ఆ వేసవిలో తూర్పు తీరపు ఊళ్ళలో నాటకాలు వేస్తూ, ట్రక్కు వెనుక బిగించిన చిన్న గదిలో నిద్రపోయేవారు. ఆ జూలైలో మనిషి చంద్రుడి మీద కాలుపెట్టిన రాత్రి, నక్షత్ర నౌక నడిపిన కెప్టెన్ లాంగ్ ఐలాండ్‌లో ఒక పొలంలో ఆ ట్రక్కు గదిలోనే పడుకుని, చిన్న నలుపు తెలుపు టీవీలో ఆ దృశ్యం చూశారు. ఆయనే ఈ సంగతి చెప్పుకున్నారు. సీరియల్ ఊరూరా తిరిగి ప్రసారమవుతూ ఉన్నా, అప్పటి ఒప్పందాల ప్రకారం మొదటి కొన్ని పునఃప్రసారాలకే నటులకు డబ్బు వచ్చేది. మేము తడి జుట్టుతో చూసిన ఆదివారాలు ఆయన ఇంటికి బియ్యం తేలేదు. బియ్యం తెచ్చినవి ఈ చిన్న సినిమాలే.

వాటిలో అన్నీ మంచివని నేను అనను. 1974లో ఫ్లోరిడాలోని టాంపాలో తీసిన ‘ఇంపల్స్’ నేను రెండోసారి చూడలేదు. అందులో ఆయన ఆడవాళ్ళను మోసగించి చంపే హంతకుడు. మా కెప్టెన్‌ను అలా చూడడం నా వల్ల కాలేదు, కథకూ నిలకడ లేదు. 1975 నాటి ‘ది డెవిల్స్ రెయిన్’ వేరు. మెక్సికోలోని డురాంగోలో తీశారు. కథ ఎంత చిక్కుపడినా, ముగింపులో దయ్యానికి ఆత్మ అమ్ముకున్న జనం వానలో మైనంలా కరుగుతూ పోతూ ఉంటారు, అలా నిమిషాల తరబడి. ఆ సినిమాలో షాట్నర్ ఒక్కరే కాదు, టీవీలో వెలిగి వచ్చినవాళ్ళు ఇంకా ఉన్నారు. ‘మెక్‌హేల్స్ నేవీ’ సీరియల్ నాయకుడు ఎర్నెస్ట్ బోర్గ్‌నైన్ అందులో మేక కొమ్ముల దయ్యపు పూజారి. ‘గ్రీన్ ఏకర్స్’ ఎడ్డీ ఆల్బర్ట్ డాక్టరు. ఎక్కడో మూల ఒక చిన్న వేషంలో కుర్ర జాన్ ట్రవోల్టా, ఆయనకు అదే మొదటి సినిమా. ఇల్లిల్లూ తెలిసిన ముఖాలు పని వెతుక్కుంటూ వెళ్ళి ఆ ఎడారి వానలో కలుసుకున్నాయి. పైకి వెళ్ళే కుర్రవాడు, పైనుంచి దిగివచ్చిన పెద్దలు ఒకే చూరు కింద నిలబడ్డారు.

‘స్టార్ ట్రెక్’ కంటే ముందు కూడా ఆయనకు ఇలాంటి సినిమా ఒకటుంది. 1965లో తీసి, 1966లో చూపించిన ‘ఇంక్యుబస్’. సినిమా మొత్తం ఎస్పెరాంటోలో, అంటే ఏ దేశానికీ మాతృభాష కాని కల్పిత భాషలో మాట్లాడతారు. ప్రతులన్నీ పోయాయనుకున్నాక, 1990లలో ప్యారిస్ సినిమా భాండాగారంలో ఒక ప్రతి దొరికింది. నలుపు తెలుపు నీడలు చూడడానికే నేను దాన్ని మళ్ళీ మళ్ళీ వేసుకుంటాను. ఎలాగూ నాకు ఆయనను భాష తెలియకుండా చూడడం అలవాటే.

వీటన్నిటికంటే పేరు తెచ్చుకున్న చవక సినిమాలో ఆయన లేరు, ఆయన ముఖం మాత్రం ఉంది. 1978లో జాన్ కార్పెంటర్ ‘హాలోవీన్’ తీస్తున్నప్పుడు హంతకుడికి ముసుగు కావలసి వచ్చింది. డబ్బు లేదు. సినిమా బృందంలో ఒకరు దుకాణానికి వెళ్ళి రెండు డాలర్ల లోపు ధరకు కెప్టెన్ కిర్క్ రబ్బరు ముసుగు కొన్నారు. చెంపల మీది జుట్టు, కనుబొమలు పీకేసి, కళ్ళ రంధ్రాలు పెద్దవి చేసి, తెల్లరంగు పూశారు. ఆ తెల్లని, ఏ భావమూ లేని ముఖం ప్రపంచాన్ని భయపెట్టింది. కనుబొమ ఒక్కటి కదిలిస్తే మా గదిలో పది మంది పిల్లలు ఊపిరి బిగబట్టిన ముఖం అది. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు. ఆ కనుబొమలు పీకిన చేతిని ఊహించుకుంటూ కూర్చున్నాను.

తరువాతి రోజులు ఆయనకు బాగున్నాయి. 1979 నుంచి ‘స్టార్ ట్రెక్’ పెద్ద సినిమాలుగా వచ్చింది. పోలీసు సీరియల్ వచ్చింది, బహుమతులు వచ్చాయి. వాటి గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

2021 అక్టోబరులో దసరాకు మేము ఊరు వెళ్ళాము. పెదనాన్నకు ఎనభై దాటాయి. రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది, చెవి కొంచెం మందగించింది. పండగకు రెండు రోజుల ముందు, 13వ తేదీన, అమెరికాలోని టెక్సస్ నుంచి లేచిన రాకెట్‌లో విలియం షాట్నర్ నిజంగానే అంతరిక్షం అంచు దాకా వెళ్ళి వచ్చారు. 90 ఏళ్ళ వయసులో. దసరా రోజు భోజనాలయ్యాక వసారాలో మంచం మీద పెదనాన్న పక్కన కూర్చుని, ఆ వీడియో ఫోనులో పెట్టి ఆయన చేతికిచ్చాను.

ఎడారి. ఎర్రటి నేల, దుమ్ము. గంట ఆకారపు గది నేల మీద దిగింది. తలుపు తెరిచారు. నీలం దుస్తుల్లో ముసలాయన మెల్లగా మెట్టు దిగి, పక్కవాళ్ళు సంబరపడుతుంటే తాను మాత్రం నిలబడి, మాట రాక కళ్ళు తుడుచుకున్నాడు.

“ఎవరమ్మా?” అన్నారు పెదనాన్న.

“పశువుల డాక్టరు పెదనాన్నా. బయటపడ్డాడు.”

ఆయన ఫోనును కళ్ళకు దగ్గరగా తీసుకున్నారు. ముఖమంతా ముడతలు పడిన ఆ పెద్దాయనను చూశారు, చాలాసేపు. ఆయన బొటనవేలు తెర అంచున ఆగి ఉంది. వసారా చూరు మూలన సాలెగూడు గాలికి కదులుతోంది. దాన్ని ఆ ఇంట్లో దులపరు.

“మళ్ళీ వెయ్యి తల్లీ” అన్నారు.